పక్క ఎందుకు తడుస్తుంది?

“ఎనిమిదేళ్లొచ్చాయి. పన్నెండో ఎక్కం దాకా గడగడా అప్పజెబుతాడు. రాత్రయితే మాత్రం పక్క తడిపేస్తాడు. ఇది రోగమా, ఒళ్లు బద్ధకమా?”

పిల్లలున్న చాలా ఇళ్లలో ఉండే ప్రశ్నే ఇది. కాకపోతే గొంతు తగ్గించి అడుగుతారు. పిల్లాడి జ్వరం గురించి, దగ్గు గురించి వీధిలో నిలబడి మాట్లాడే తల్లి కూడా దీని ఊసెత్తదు. కొన్నిచోట్ల దాచుకుందామన్నా దాగదు. కలకత్తాకు దిగువన హుగ్లీ గట్టున ఉన్న బడ్జ్ బడ్జ్‌నే తీసుకుందాం. చరిత్ర పుస్తకాల్లో 1914 నాటి కోమగాట మారు కాల్పులతో తెలిసే ఊరు ఇది. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి హుగ్లీ గట్టు జూట్ మిల్లులకు వలసవెళ్లినవాళ్ల మనుమలు, మునిమనుమలు అక్కడా ఉన్నారు. మిల్లు లైన్లలో ఇల్లంటే ఒక గది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే పక్క మీద సర్దుకుంటారు. ఒకడు తడిపితే ముగ్గురు లేస్తారు. తెల్లారేసరికి దండెం మీద బొంత ఎక్కుతుంది, లైనంతా చూస్తుంది. ఆ బొంతే ఆ పిల్లాడికి పేరవుతుంది.

ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. బద్ధకం కాదు, పొగరు అసలే కాదు. అయిదేళ్లు నిండిన తర్వాత కూడా నిద్రలో పక్క తడపడాన్ని వైద్యులు ఎన్యురెసిస్ అంటారు. ఎక్కువమందిలో అది ఒంటి ఎదుగుదలలో ఒక ఆలస్యం. కొద్దిమందిలో మాత్రం మరో జబ్బుకు గుర్తు. ఆ కొద్దిమంది ఎవరో కనిపెట్టడానికి రాత్రంతా పిల్లాడి పక్కన కూచోనక్కర్లేదు, పగలు గమనిస్తే చాలు. ఈ సమస్యలో పెద్దవాళ్లు చేసే పొరపాటంతా తడిసిన చోటే కారణం వెతకడం.

మూడు పనులు సరిపడాలి

మిల్లులో ఉండేవాళ్లకు ఇది మిల్లు భాషలోనే తేలిగ్గా అర్థమవుతుంది. మూత్రపిండాలు మూడు షిఫ్టులూ నడిచే ఖాతా, అంటే విభాగం. పగలు సరుకు జోరుగా తీస్తాయి, రాత్రి షిఫ్టులో వేగం తగ్గించాలి. తగ్గించమని పైనుంచి నోటీసు రావాలి. తయారైన సరుకు గోదాములో, అంటే మూత్రసంచిలో చేరుతుంది. గోదాము నిండితే దర్వాన్ లేచి తలుపు దగ్గరికి రావాలి. ఆ దర్వాన్ మెదడు. నోటీసు రాకపోయినా, గోదాము చిన్నదైనా, తలుపు దానంతటది తెరుచుకుంటున్నా సరుకు బయట పడుతుంది. అయితే దర్వాన్ లేచాడంటే నష్టం లేదు, పిల్లాడు లేచి మూత్రానికి వెళ్లొస్తాడు. కాబట్టి పక్క తడిసిందంటే నోటీసులోనో గోదాములోనో ఏదో ఒక లోపం ఉండాలి, దానికి తోడు దర్వాన్ నిద్రపోయి ఉండాలి.

ఆ నోటీసు వాసోప్రెసిన్ అనే హార్మోను. నీటిని మూత్రంలోకి పోనీయకుండా ఒంట్లోనే నిలపడం దాని పని గనక నీరు నిలిపే హార్మోను అందాం. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఇది రాత్రిళ్లు ఎక్కువగా విడుదలవుతుంది. అందుకే రాత్రి మూత్రం తగ్గుతుంది, తెల్లారి చిక్కగా పచ్చగా వస్తుంది. పక్క తడిపే పిల్లల్లో కొందరికి రాత్రిపూట ఈ పెరుగుదల ఉండదని 1980లలో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో నార్‌గార్డ్, రిట్టిగ్, యూర్‌హుస్ అనే వైద్యులు కొలిచి చూపించారు. శతాబ్దాలుగా తిట్లు తిన్న పిల్లల పక్షాన అదొక గట్టి సాక్ష్యం.

సంచి సంగతికి ఒక నోటిలెక్క ఉంది. పిల్లాడి వయసుకు ఒకటి కలిపి ముప్పైతో హెచ్చిస్తే సంచి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో సుమారుగా వస్తుంది. ఆరేళ్లవాడికి 210, ఎనిమిదేళ్లవాడికి 270. కొందరికి అంత పట్టదు. మరికొందరికి సంచి కొలతకు సరిగ్గానే ఉన్నా నిండకముందే కండరం ముడుచుకుపోతుంది. దీన్ని తొందరసంచి అనవచ్చు. ఇలాంటి పిల్లలు పగలు కూడా ఉన్నట్టుండి లేచి పరుగెడతారు.

ఇక నిద్ర. “మావాడిది మొద్దు నిద్రండీ, ఎత్తుకెళ్లి పారేసినా తెలియదు” అని ప్రతి తల్లీ అంటుంది. లేపితే లేవడన్నంతవరకు నిజం. కానీ హాంకాంగ్ వైద్యులు 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో వింత కనిపించింది. మందులకు లొంగకుండా పక్క తడుపుతున్న పిల్లల నిద్ర నిజానికి పలచగా, ముక్కలు ముక్కలుగా ఉంది. సంచి రాత్రంతా మెదడును పొడుస్తూనే ఉంది. పొడిచీ పొడిచీ మెదడు ఆ పిలుపుకు అలవాటు పడిపోయింది. అంటే వాడు హాయిగా పడుకుని తడుపుతున్నాడన్నది మన భ్రమ. వాడికి సరైన నిద్రే లేదు.

ఇందులో వంశం పాత్ర పెద్దది. తల్లిదండ్రుల్లో ఒకరు చిన్నప్పుడు పక్క తడిపినవారైతే పిల్లల్లో నూటికి సుమారు 44 మందికి, ఇద్దరూ అయితే 77 మందికి వస్తుందని పాత లెక్క ఒకటి ఉంది. 1995లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఐబెర్గ్ బృందం కొన్ని కుటుంబాల్లో దీని జాడను పదమూడో క్రోమోజోము మీద పట్టింది. మన ఇళ్లలో ఈ పరీక్షకు లేబొరేటరీ అక్కర్లేదు. తండ్రి సంగతి తండ్రిని అడిగితే చెప్పడు, నానమ్మని అడగాలి.

అయిదేళ్ల పిల్లల్లో నూటికి దాదాపు పదిహేనుమంది పక్క తడుపుతారు. పదేళ్లొచ్చేసరికి అయిదుగురు మిగులుతారు. పెద్దయ్యాక కూడా నూటికి ఒకరిలో ఉండిపోతుంది. మగపిల్లల్లో ఎక్కువ. ఏ వైద్యమూ చేయకపోయినా, తడిపేవాళ్లలో ఏటా నూటికి పదిహేనుమందికి అదే ఆగిపోతుంది. ఈ చివరి అంకె గుర్తుంచుకోండి, వెంటనే అవసరం పడుతుంది.

తాయెత్తులూ బెత్తాలూ

దీనికి మనిషి చేయని వైద్యం లేదు. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్యపత్రం ఎబర్స్ పపైరస్‌లోనే పిల్లల మూత్రం ఆపే మందు ఉంది. ఇంగ్లీషులో పిల్లల వైద్యం మీద మొదట వచ్చిన పుస్తకాన్ని 1544లో థామస్ ఫేయర్ రాశాడు. పక్క తడపడానికి అందులో ఆయన చెప్పిన మందుల్లో కోడిపుంజు గొంతు గొట్టం ఒకటి. కొరియాలో పక్క తడిపిన పిల్లాడి నెత్తిన చేట బోర్లించి, ఇరుగుపొరుగు ఇళ్లకు ఉప్పు అడుక్కురమ్మని పంపేవారు. మనవాళ్లు నువ్వులూ బెల్లం కలిపి దంచి పెట్టారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. కొన్నిచోట్ల వాతలూ పెట్టారు.

నువ్వులుండ మంచి తిండే, పెట్టండి. అది తడి ఆపుతుందన్న రుజువు మాత్రం లేదు. మరి ఫలానావాళ్లబ్బాయికి తగ్గిందిగా అంటారు. ఏటా నూటికి పదిహేనుమందికి తనంతట తానే తగ్గుతుందని చెప్పుకున్నాం. ఆ ఏడు ఏది తినిపిస్తే దానికి, ఎవరు కడితే ఆ తాయెత్తుకు పేరొస్తుంది. డాక్టరు మందుకైనా ఇదే తూకం. మందు తీసుకోనివాళ్లకంటే తీసుకున్నవాళ్లకు ఎక్కువగా తగ్గితేనే అది మందు.

బెత్తం సంగతికి ఒక ప్రసిద్ధ బాధితుడు ఉన్నాడు. నాటి బెంగాల్ ప్రెసిడెన్సీలోని మోతిహారిలో 1903లో పుట్టి, తర్వాత జార్జ్ ఆర్వెల్‌గా పేరు పొందిన రచయిత. ఎనిమిదేళ్ల వయసులో ఇంగ్లండ్‌లో హాస్టల్ బడిలో చేరిన కొద్దిరోజులకే పక్క తడపడం మొదలైంది. అంతకుముందు ఆ అలవాటు పోయింది కూడా. ఇల్లు విడిచిన బెంగతో తిరగబెట్టింది. హెడ్మాస్టరు కొట్టాడు. తన అదుపులో లేని పనికి కూడా తాను పాపినన్న భావం అక్కడే నాటుకుందని ఆయన తర్వాత రాసుకున్నాడు. కొట్టడం వల్ల వాసోప్రెసిన్ పెరగదు. భయం మటుకు పెరుగుతుంది, భయపడ్డవాడు దాస్తాడు. తడిసిన చెడ్డీ మంచం కిందకి తోస్తాడు, ఒంటికి మంట పుట్టినా చెప్పడు.

పగటి లెక్క

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. బడి లేని రెండు రోజులు ఎంచుకుని, ఒక పాత నోటుబుక్కు, గీతలున్న ప్లాస్టిక్ కొలపాత్ర దగ్గర పెట్టుకోండి. ఎన్ని గంటలకు ఎంత తాగాడు, ఎన్ని గంటలకు ఎంత పోశాడు, మధ్యలో చెడ్డీ తడిసిందా, పరుగెత్తాడా, దొడ్డికి ఎప్పుడు వెళ్లాడు, ఎలా వచ్చింది, అన్నీ రాయండి. రాత్రి మూత్రం ఎంతో కావాలంటే పడుకునేటప్పుడు డైపరు తొడిగి, తొడగకముందు, తీశాక తూకం వేయాలి. పెరిగిన గ్రాములే మిల్లీలీటర్లు. దానికి ఉదయం లేవగానే పోసింది కలపండి. సంచి పట్టాల్సినదానికంటే ఇది బాగా ఎక్కువుంటే రాత్రి నోటీసు అందడం లేదన్నమాట. అలా లేకపోయినా తడుపుతున్నాడంటే, పగలు పోసేది కూడా ప్రతిసారీ కొంచెమే అయితే, అనుమానం సంచి మీదికి వెళుతుంది. బెంగాలీ మాట్లాడే డాక్టరు ముందు ఇలాంటి మాటలు నోట రాక తడబడే తల్లికి ఈ నోటుబుక్కు పెద్ద అండ. అంకెలు చూస్తే ఆయనకు సగం సంగతి తెలిసిపోతుంది.

పగలు నాలుగు నుంచి ఏడుసార్లు పోయడం మామూలు. ఎనిమిది, అంతకంటే ఎక్కువ అయితే తొందరసంచి ఉండొచ్చు. మూడు, అంతకంటే తక్కువ అయితే బిగబట్టే అలవాటు. బిగబట్టే పిల్లల్ని చూసి పట్టేయొచ్చు. ఆట మధ్యలో కాళ్లు మెలివేస్తారు, ఒంటికాలి మీద గెంతుతారు. ఆడపిల్లలయితే గభాల్న గొంతుకూర్చుని మడమతో అదిమిపెడతారు. ‘వెళ్లాలా’ అని అడిగితే ‘ఊహూ’ అంటారు.

ఎందుకు బిగబడతారు? బడి మరుగుదొడ్డిని ఒకసారి పెద్దవాళ్లు లోపలికెళ్లి చూస్తే ప్రశ్న అడగరు. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. కట్టినవన్నీ వాడదగ్గట్టు ఉన్నాయా అన్నది వేరే సంగతి. ఇంటికొస్తే అందరికీ కలిపి ఉన్న దొడ్డి, దాని ముందు వరస. చిన్నపిల్లల్ని పెద్దవాళ్లు వెనక్కి నెడతారు. దాంతో పిల్లలు ఒక ఉపాయం కనిపెడతారు. పగలంతా నీళ్లు మానేస్తారు. సాయంత్రం ఇంటికి రాగానే దాహం తీరా తాగుతారు, మరమరాలతో పాటు పెద్దవాళ్ల గ్లాసులోంచి టీ కూడా. పగలు తాగాల్సిన నీళ్లన్నీ రాత్రి సంచిలోకి చేరతాయి. ఈ ఒక్క సంగతి సరిచేస్తే ఎండిపోయే పక్కలు కొన్ని ఉంటాయి.

పగలు గమనించాల్సిన వాటిలో రెండోది మలబద్ధకం. దీన్ని చాలామంది డాక్టర్లు కూడా అడగడం మరచిపోతారు. వరసలో నిలబడలేక, మురికికి జడిసి దొడ్డికి కూడా బిగబట్టే పిల్లల పెద్దపేగు చివరి భాగం గట్టి మలంతో ఉబ్బిపోతుంది. దాని ముందే మూత్రసంచి ఉంటుంది. చోటు తగ్గిపోతుంది, నొక్కుడుకి సంచి చిరాకుపడి ముడుచుకుంటుంది. 1980లలో మాంట్రియల్‌లో షాన్ ఒరీగన్ అనే వైద్యుడు పక్క తడిపే పిల్లల్లో ఈ దాగిన మలబద్ధకాన్ని వెలికితీశాడు. అది తగ్గించగానే చాలామందికి రాత్రి తడి ఆగింది. రోజూ వెళుతున్నాడు కదా అని నమ్మకండి. రోజూ కొంచెం వెళుతూ లోపల పేర్చుకునేవాళ్లుంటారు. గట్టిగా ముక్కడం, లావుగా రావడం, చెడ్డీకి మరకలు అంటుకోవడం దీని ఆనవాళ్లు.

వెంటనే డాక్టరు చూడాల్సినవి

ఎక్కువమంది పిల్లలకు ఒంటిని చూడటం, మామూలు మూత్ర పరీక్ష చాలు. స్కానులు, ఎక్స్‌రేలు అందరికీ అక్కర్లేదు. కొన్ని లక్షణాలున్నప్పుడు మాత్రం ఆగకూడదు.

ఆరు నెలలకు పైగా పక్క పొడిగా ఉన్న పిల్లాడు మళ్లీ మొదలుపెడితే కారణం కొత్తది. చెల్లెలు పుట్టడం, బడి మారడం, మిల్లుకు తాళం పడి ఇంట్లో గొడవలు మొదలవడం, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేయడం లాంటివి కావచ్చు. మెత్తగా అడగాలి. కానీ మనసు సంగతి అనుకుని కూర్చోకముందు మూత్రంలో చక్కెర చూపించండి. విపరీతమైన దాహం, తిన్నా చిక్కిపోవడం, మళ్లీ పక్క తడపడం కలిసొస్తే అది పిల్లల మధుమేహం కావచ్చు. దానికి వారాల వ్యవధి ఉండదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మగపిల్లాడికి ధార సన్నగా, ముక్కి ముక్కి, చుక్కలుగా వస్తుంటే మూత్రనాళంలో పుట్టుకతో వచ్చిన పొర అడ్డం ఉండొచ్చు. అలాగే వదిలేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆడపిల్లకు మామూలుగా పోస్తూనే, పగలూ రాత్రీ చుక్కచుక్కగా కారుతూ బట్ట ఎప్పుడూ తడిగానే ఉంటే, మూత్రపిండం నుంచి వచ్చే గొట్టం సంచిలో కాక వేరేచోట తెరుచుకుందేమో చూడాలి. ఇది ఆపరేషన్‌తో నయమవుతుంది. నడుం కింద వెన్నుమీద గుంట, వెంట్రుకల కుచ్చు, నడకలో తేడా ఉంటే వెన్నుపాము చూడాలి. మంట, జ్వరం, ఎర్రని మూత్రం, ముఖం ఉబ్బు కూడా ఈ జాబితాలోవే. గట్టిగా గురకపెట్టి, నోటితో ఊపిరి తీసుకుంటూ పక్క తడిపే పిల్లాడి ముక్కు వెనక గ్రంథులు చూపించాలి.

పిల్లల డాక్టరుకు చూపించడానికి బడ్జ్ బడ్జ్ నుంచి దూరప్రయాణమేమీ అక్కర్లేదు. సియాల్దా వెళ్లే లోకల్ పార్క్ సర్కస్ మీదుగానే పోతుంది. 1933లో ఇండియన్ జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్‌ను మొదలుపెట్టిన డాక్టర్ కె.సి. చౌధురి స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ అక్కడే ఉంది. చివరి స్టేషన్ దాకా వెళితే సియాల్దా పక్కనే ఎన్.ఆర్.ఎస్. ప్రభుత్వ ఆసుపత్రి.

పక్క ఎండాలంటే

అయిదేళ్లలోపు పిల్లలకు వైద్యం అక్కర్లేదు. ఆ తర్వాతయినా మొదట చేయాల్సింది పగలు సర్దడం. రోజుకు తాగాల్సిన నీళ్లలో ఎక్కువ భాగం పొద్దుటికీ మధ్యాహ్నానికీ పంచాలి, సాయంత్రానికి అయిదో వంతు మిగలాలి. నీళ్లు మాన్పించడం కాదు, ముందుకు జరపడం. రెండుమూడు గంటలకోసారి, రాకపోయినా వెళ్లి కూర్చోవాలి. పడుకునేముందు తప్పనిసరి. టీ మాన్పించండి. మలబద్ధకం ఉంటే ముందు దానికే మందు. మెచ్చుకోవాలంటే చెప్పిన వేళకు వెళ్లినందుకు, నీళ్లు తాగినందుకు మెచ్చుకోండి. పక్క పొడిగా ఉన్నందుకు బహుమతి పెడితే తడిసినరోజు అది శిక్షే అవుతుంది. రాత్రి రెండింటికి లేపి తిప్పడం బొంతను కాపాడుతుంది గానీ పిల్లాడికి ఏమీ నేర్పదు.

ఇది చాలకపోతే, ఆరేడేళ్లు దాటిన పిల్లలకు రెండు దారులున్నాయి. మొదటిది తడిగంట. చెడ్డీకి ఒక చిన్న తడి కనిపెట్టే బిళ్ల, భుజం మీద గంట. చుక్క పడగానే మోగుతుంది. దీని పుట్టుక వేడుకగా ఉంటుంది. 1904లో మైన్‌హార్డ్ ఫౌండ్లర్ అనే పిల్లల వైద్యుడు, పక్క తడవగానే నర్సులు వచ్చి గుడ్డ మార్చాలని ఒక విద్యుత్ గంట పెట్టించాడు. కొన్నాళ్లకు నర్సులకు పని తగ్గింది, పిల్లలు తడపడమే మానేశారు. గంట నర్సుల కోసం పెడితే నేర్చుకున్నది పిల్లల మెదడు. ఇప్పటికీ దీన్ని సరిగ్గా వాడితే ముగ్గురిలో దాదాపు ఇద్దరికి తగ్గుతుంది, మానేశాక కూడా చాలామందికి తగ్గే ఉంటుంది. వరుసగా పద్నాలుగు రాత్రులు పొడిగా గడిచేదాకా, అంటే రెండు మూడు నెలలు ఓపిక కావాలి. మొదటి వారాల్లో గంట మోగినా పిల్లాడు లేవడు, పెద్దవాళ్లే లేపాలి. ఒకే గదిలో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్లాల్సిన తండ్రి నిద్ర మాత్రం పోతుంది. అది ముందే మాట్లాడుకోవాలి.

రెండోది డెస్మోప్రెసిన్ బిళ్ల, వాసోప్రెసిన్‌కు మనిషి చేసిన తోబుట్టువు. రాత్రి మూత్రం ఎక్కువయ్యే పిల్లలకు ఇది మొదటి రాత్రి నుంచే పనిచేయొచ్చు. పెళ్లికో, బడి యాత్రకో వెళ్లాల్సినప్పుడు ఆదుకుంటుంది. ఆపేస్తే ఎక్కువమందికి తిరగబెడుతుంది. ఒక హెచ్చరిక ఉంది. బిళ్ల వేసుకునే గంట ముందు నుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటల దాకా నీళ్లు దాదాపుగా తాగకూడదు. తాగితే రక్తంలో ఉప్పు పడిపోయి ఫిట్స్ రావచ్చు. అందుకే ముక్కులో కొట్టే డెస్మోప్రెసిన్ స్ప్రేను పిల్లల పక్క తడుపుకు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ 2007లో చెప్పింది. ఇమిప్రమైన్ అనే పాత మందు చవక, 1960 నుంచీ ఉంది. మోతాదు మించితే గుండెకు ప్రాణాంతకం. చిన్నపిల్లలు తిరిగే ఒంటిగది ఇంట్లో అటువంటి సీసా ఉండటం నాకు నచ్చదు. దాన్ని డాక్టర్లు చివరికే ఉంచుతారు.

బిళ్ల కంటే గంటే మేలని నా అభిప్రాయం. కానీ గంట కొనలేని, మూడు నెలలు లేవలేని ఇంటికి బిళ్ల వాడుకోవడం ఓటమి కాదు. రెండూ కుదరకపోతే పక్క మీద మైనంగుడ్డ, పిల్లాడికి విడి చాప, ఉదయం స్నానం, మనసు నొప్పించని మాట ఉన్నా రోజులు గడుస్తాయి. ఈలోగా వయసు తన పని తాను చేస్తుంది.

బడి పంతుళ్లకు ఒక మనవి. పిల్లలు లేచి ‘ఒకటికి వెళ్లొస్తా సార్’ అంటే గంట కొట్టేదాకా ఆగమనకండి. పంపండి. మరుగుదొడ్డికి తాళం ఉంటే తీయించండి, నీళ్లు లేకపోతే పెట్టించండి.